మాత్రల సీజను

ఆ బోర్డు చేసింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. అందరి తప్పులూ వరసపెట్టి చెప్పి, నాది మాత్రం వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు తీసేసుకోవడం నాకు చేతకాదు.

కాయల షెడ్డులో నాది పెట్టెలు కొట్టే పని. నారింజ సీజను వచ్చిందంటే పది పన్నెండు వారాలు ఊపిరి సలపదు. పలక చెక్కలు కోసి, నాలుగు మూలలా మేకులు దిగేసి పెట్టె అవతల పడేస్తే, లోపల ఆడవాళ్ళు కాయ ఏరి అందులో నింపుతారు. నోట్లో మేకులు పట్టుకుని పనిచేసేవాణ్ణి కాబట్టి మాట తక్కువ. మేకులు లేనప్పుడూ తక్కువే. షెడ్డులో నన్ను మూగ మేస్త్రి అనేవాళ్ళు. మాట్లాడేవాడికి కనిపించనివి చాలా మూగవాడికి కనిపిస్తాయి. కనిపించి ఏం ఒరిగిందన్నది వేరే సంగతి.

ఆ ఏడు సీజను మొదలయ్యే ముందు మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, రెండు వరుసల మేకులున్న బోర్డు ఒకటి కావాలన్నాడు. పైన నలభై మేకులు, కింద నలభై. వాటికి తగిలించడానికి నలభై చెక్కబిళ్ళలు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు కాల్చి వేయాలి.

"హాజరు కోసమా సార్?" అన్నాను.

"హాజరులాంటిదే మేస్త్రీ. నువ్వు చేసిపెట్టు."

చేసిపెట్టాను. చిత్రిక పట్టి నునుపు చేశాను. అడక్కపోయినా వార్నిష్ వేశాను. నా బల్లకు ఏడడుగుల దూరంలో, ఆడవాళ్ళు లోపలికి వెళ్ళే తలుపు పక్కన, నా చేత్తోనే గోడకు బిగించాను.

మర్నాడు పొద్దున దాని పని తెలిసింది. తలుపు దగ్గర సూపర్వైజరమ్మ ఒక రేకు పళ్ళెం, నీళ్ళ జగ్గు పెట్టుకుని నిలబడింది. పళ్ళెంలో మాత్రలు. మాత్రల అట్టను ఒక్కో మాత్రగా కత్తిరించి, పేరు అచ్చువేసి ఉండే అంచు కూడా కత్తిరించి పారేశారు. ఒక్కో ఆడమనిషి వచ్చి మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాలి. తర్వాత నోరు తెరవాలి.

"నాలుక ఎత్తు," అనేది సూపర్వైజరమ్మ. "ఆ, సరే, పో."

అప్పుడు ఆమె బిళ్ళ పై వరుసకు ఎక్కేది. పై వరుసలో ఉన్నవాళ్ళకు కాయ ఏరే బెల్టు దగ్గర పని. నీడ, కూర్చోవడానికి బల్ల, సీజను అయ్యేదాకా రోజూ పని. మింగనివాళ్ళ బిళ్ళ కింది వరుసలోనే. వాళ్ళు కాయలు కడిగే తొట్టి దగ్గర సాయంత్రం దాకా చీలమండల లోతు చన్నీళ్ళలో నిలబడాలి. లోడు తగ్గిన రోజు ముందు ఇంటికి పంపేది వాళ్ళనే. వారం తిరిగేసరికి కింది వరుసలో ముగ్గురే మిగిలారు. అందులో ఇద్దరు ముసలివాళ్ళు.

మా ఆవిడ పనిచేసేది ఆ బెల్టు దగ్గరే. మా వదిన, అంటే మా ఆవిడ అక్క, ఆమెదీ అదే బెల్టు. ఆమె నోటికి ఎదురు లేదు. తలుపు దాటుతూ నా వైపు తిరిగి, "ఏం మరిదీ, నీ పై మేకు ఎక్కాను చూడు. మీ అన్న పాతికేళ్ళలో నన్ను ఇంత ఎత్తున ఎప్పుడూ పెట్టలేదు," అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ మేకుల సందుల్లోంచి నవ్వేవాణ్ణి.

ఇంట్లో అడిగాను. "ఏం మాత్రలే అవి?"

"నొప్పి మాత్రలట," అంది మా ఆవిడ.

"ఏ నొప్పికి?"

"రాని నొప్పికి. ఆడవాళ్ళ సంగతి నీకెందుకయ్యా? పది వారాలు కళ్ళు మూసుకుంటే సీజను అయిపోతుంది."

అప్పటికి నాకు సగం అర్థమైంది. మిగతా సగం నాలుగో వారానికి అర్థమైంది. బెల్టు మీద ముప్పై ఏడుగురు ఆడవాళ్ళు, నాలుగు వారాల్లో ఒక్కరు కూడా నడుం పట్టుకుని పక్కకు వెళ్ళలేదు, ఒక్కరు కూడా సెలవు అడగలేదు, ఒక్కరు కూడా బాత్రూం తాళంచెవి కోసం రెండోసారి రాలేదు. బెల్టు ఆగకూడదు కాబట్టి వాళ్ళ ఒంట్లో నెలసరి ఆపేశారు. పెట్టెలు మాత్రం ముందటేడు కన్నా ఎక్కువ కొట్టాల్సి వచ్చింది. కొట్టాను.

ఆరో వారం, ఆదివారం. లారీ ఒకటి పెట్టెలు విరిగి తిరిగొస్తే బాగుచేయడానికి నన్ను పిలిచారు. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాను. పెరట్లో కుళాయి కింద మా పిల్ల గొంతుక్కూర్చుని బట్టలు ఉతుకుతోంది. పన్నెండేళ్ళు నిండి నెల కాలేదు. మోచేతుల దాకా చొక్కా మడిచింది. కాలవలో పోతున్న నీళ్ళ రంగు చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నాన్నా, లోపలికి రాకు. అమ్మ పడుకుంది," అంది.

"ఎప్పటి నుంచి?"

"పొద్దున నువ్వెళ్ళినప్పటి నుంచి. ఆగట్లేదు. పాత దుప్పటి కూడా చింపాను. పెద్దమ్మకి కబురు పెట్టాను, వస్తోంది."

ఏడవడం లేదు. బట్ట పిండి, విదిలించి, తీగ మీద వేసి, ఇంకోటి తీసింది. ఆ పని ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

వదిన వచ్చాక ముగ్గురం కలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ నర్సు సూది వేసి, మా ఆవిడ కనురెప్ప లాగి చూసి, "ఏం మందులు వాడుతున్నావమ్మా?" అంది.

"ఏమీ లేదమ్మా," అంది మా ఆవిడ.

నర్సు వదిన వైపు చూసింది. వదిన పైకప్పు వైపు చూసింది. నర్సు నా వైపు చూసింది. నేను బరువు చూసే మిషను మీద ముల్లు వైపు చూశాను. మా పిల్ల మాత్రం మా ముగ్గురి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ నచ్చదు.

నాలుగో రోజు మా ఆవిడ షెడ్డుకు వచ్చింది. బిళ్ళ కింది వరుసకు దిగి ఉంది. ఆమె పళ్ళెం దగ్గరికి వెళ్ళి, మాత్ర మింగి, నాలుక ఎత్తి చూపించింది. నేను సుత్తి ఆపలేదు.

మా పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం పట్టుకుంది. "మళ్ళీ మింగిందా? ఆ మాత్ర పేరేంటి నాన్నా?"

"నాకు తెలీదు."

"పేరు కూడా తెలీకుండా ఎలా మింగుతుంది?"

"నువ్వు పుస్తకం తియ్యి."

నా జవాబు అంతే.

షెడ్డు పనివాళ్ళకు ఒక సంఘం ఉండేది. సంఘం అంటే ఒకే మనిషి. కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేసుకునేవాడు, సైకిలు మీద తిరిగేవాడు. మంచివాడే. కాకపోతే మంచివాళ్ళు తొందరపడితే ఎంత చెడు జరుగుతుందో ఆయన్ని చూశాకే తెలిసింది. మాత్రల సంగతి ఆయనకూ చేరింది. ఇల్లిల్లూ తిరిగాడు. మా ఇంటికీ వచ్చాడు. ఎవరూ గడప మీద నిలబెట్టి మాట్లాడటం తప్ప లోపలికి రమ్మనలేదు. "నొప్పి మాత్రలేనండీ," అన్నారు. మగవాళ్ళు, "మా ఆడవాళ్ళ విషయం, మాకు తెలీదండీ," అన్నారు.

ఏడో వారంలో కార్మికుల అధికారి వచ్చాడు. బడి హాల్లో అందరి ముందూ ఫిర్యాదులు వింటానన్నాడు. వేదిక మీద అధికారి, పక్కన మేనేజరు, ఇటు పక్కన హెడ్మాస్టరు. కింద మేమందరం. హాలు నిండింది.

"ఎవరైనా, ఏదైనా, భయం లేకుండా చెప్పుకోవచ్చు," అన్నాడు అధికారి.

ఒకాయన లేచి షెడ్డు ముందు కాలవ వాసన గురించి చెప్పాడు. ఇంకొకాయన బస్సు టైము గురించి చెప్పాడు. అధికారి రాసుకున్నాడు. తర్వాత హాలంతా తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. అప్పుడు సంఘమాయన పక్క తలుపులోంచి ఒక పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బడి చొక్కా, రెండు జడలు. అది మా పిల్లేనని తెలియడానికి నాకు ఒక క్షణం పట్టింది. సొంత పిల్లను అక్కడ చూస్తానని ఎవడనుకుంటాడు?

చేతిలో కాగితం ఉంది. ఆయన రాసిచ్చిందే. "గౌరవనీయులైన అధికారి గారికి, శ్రామిక మహిళల పక్షాన" అంటూ మొదలుపెట్టింది. రెండు వాక్యాలు చదివి ఆగింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత మైకులోకి మామూలుగా, ఇంట్లో నాతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"మా అమ్మ షెడ్డులో కాయ ఏరుతుంది. పొద్దున్నే వాళ్ళకి మాత్ర ఇస్తారు. అది మింగితే నెలసరి రాదు. మింగకపోతే బెల్టు దగ్గరికి రానివ్వరు. మింగిందో లేదో నాలుక ఎత్తించి చూస్తారు. పోయిన ఆదివారానికి ముందాదివారం మా అమ్మకి రక్తం ఆగలేదు. బట్టలు నేనే ఉతికాను. ఆసుపత్రిలో అడిగితే పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. ఆ మాత్ర ఏంటో ఎవరైనా చెప్పండి. మా అమ్మ మళ్ళీ మింగుతోంది."

అంతే. అరనిమిషం కూడా పట్టలేదు.

వెనక వరుసల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు దగ్గాడు. మగవాళ్ళందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు. హెడ్మాస్టరు లేచి, "చాలమ్మా, చాలు," అంటూ మైకు అందుకున్నాడు.

"ఇంత చిన్నపిల్ల నోట ఈ మాటలా!" అన్నాడు. ఆయన గొంతు నిజంగానే వణికింది. "ఆటలాడుకోవాల్సిన వయసు. తెలిసీ తెలియని వయసు. పెద్దవాళ్ళే చాటుగా మాట్లాడుకునే విషయాలు పసిపిల్ల చేత పదిమందిలో పలికించారంటే, పలికించినవాళ్ళు సిగ్గుతో తలదించుకోవాలి."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు మొత్తానికి పెద్ద చప్పట్లు అవే. మాత్ర సంగతి ఒక్కడు అడగలేదు. పిల్ల వయసు గురించి మాత్రం అందరికీ బాధ కలిగింది. ఆ వయసు పిల్ల ఆ బట్టలు ఉతకవచ్చు. ఉతికానని చెప్పకూడదు. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, చప్పట్లు కొట్టలేదు. అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచిపని. దానికి కష్టమేమీ లేదు.

బయట సైకిలు తాళం తీస్తుంటే సంఘమాయన్ని పట్టుకున్నాను. చొక్కా పట్టుకున్నాననే చెప్పాలి.

"నా పిల్లను తీసుకురావడానికి నువ్వెవడివయ్యా?"

"చొక్కా వదులు మేస్త్రీ. నలభైమందిని అడిగాను. నిన్నూ అడిగాను. గడపలో నిలబెట్టి తల ఊపావు, గుర్తుందా? ఊపింది అవునని ఊపావో కాదని ఊపావో ఇప్పటికీ నాకు తెలీదు."

"అందుకని పన్నెండేళ్ళ పిల్లను ముందుకు తోస్తావా?"

"తోయలేదు. తనే నా సైకిలు ఆపి చెప్పింది. పిల్ల మాటైతే ఎవరూ కొట్టిపారేయలేరనుకున్నాను."

"కొట్టిపారేయలేదా మరి? చూశావుగా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక ఆయన సైకిలును తన్నాను. అది పడిపోయింది. ఆయనే లేపుకున్నాడు.

ఇల్లు చేరేసరికి మా ఆవిడ పిల్ల చెంప మీద కొట్టి ఉంది. ఆ పిల్ల పుట్టాక మా ఇంట్లో అదే మొదటి దెబ్బ.

"నా ఒంటి సంగతి ఊరందరికీ చాటింపు వేశావు కదే! ఆ మేనేజరు కూర్చుని ఉన్నాడు, ఆ లారీ డ్రైవర్లు కూర్చుని ఉన్నారు! రేపు నేను వాళ్ళ ముందు నుంచి ఎలా నడవాలి?"

"నేను అబద్ధం చెప్పానా అమ్మా?"

"నిజమైతే మాత్రం? నిజమైతే తీసుకెళ్ళి వీధిలో ఆరేస్తావా? నన్నడిగావా? ఒక్క మాట నన్నడిగావా?"

పిల్ల చెంప మీద చెయ్యి తీయకుండా ఆలోచించింది. "అడగలేదు. అడిగితే వద్దంటావు. మళ్ళీ ఉతికేది నేనేగా."

మా ఆవిడ మంచం పట్టె మీద కూలబడింది. తప్పు ఎవరిదో తేల్చమంటే నేను తేల్చలేను. తల్లి పరువు బజారున పడ్డ మాట నిజం. పిల్ల చెప్పింది నిజం. రెండూ ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఎదురెదురుగా నిలబడ్డాయి, మధ్యలో నేను చెప్పులు విడవడం మర్చిపోయి నిలబడ్డాను.

మూడు రోజులకు విచారణ. షెడ్డు ఆఫీసు గదిలో. అధికారి ఒక్కొక్కళ్ళనే పిలిచాడు. ఆయన పక్క కుర్చీలో సూపర్వైజరమ్మ కూర్చుని ఆయనకు మంచినీళ్ళు అందిస్తోంది. లోపలికి వెళ్ళిన ప్రతి ఆడమనిషీ ముందు ఆమె ముఖం చూడాలి, తర్వాత జవాబు చెప్పాలి. అందరూ నొప్పి మాత్రలే అన్నారు. వదిన కూడా. మా ఆవిడ కూడా. బయటకు వస్తూ ఆమె నా వైపు చూడలేదు.

తండ్రినని చివర నన్ను పిలిచారు.

"పిల్లకు ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు సార్."

"మరి నువ్వు మాత్రలు చూశావా?"

తెరిచిన తలుపులోంచి నా బల్ల కనిపిస్తోంది. బల్లకు ఏడడుగుల దూరంలో బోర్డు కనిపిస్తోంది. వార్నిష్ మెరుస్తోంది.

"నేను పెట్టెలు కొడతాను సార్. లోపలి సంగతులు నాకు తెలీవు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నాది పిడికెడు కాదు, దోసెడు. అధికారి ఏదో రాసుకుని కలం మూత పెట్టాడు. పిల్ల ఊహించుకుని చెప్పిందని తేలింది. బయట సూపర్వైజరమ్మ నా భుజం తట్టి, "పిల్లల్ని టీవీ చూడనివ్వకండి మేస్త్రీ," అంది.

ఆ తర్వాత బళ్ళో దాన్ని "మాత్ర" అని పిలవడం మొదలుపెట్టారు. ఆరో తరగతి వాళ్ళు కూడా. "ఏయ్ మాత్రా, నాలుక ఎత్తు" అని. ఇది నాకు పిల్ల చెప్పలేదు, వదిన కూతురు చెప్పింది. మా పిల్ల ఇంట్లో మాట్లాడటం తగ్గించేసింది. అన్నం పెడితే తినేది, దీపం వేస్తే చదువుకునేది. ఇంట్లో ఇంకో మూగ మేస్త్రి తయారవుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

తొమ్మిదో వారంలో హెడ్మాస్టరు మా ఇద్దరినీ పిలిపించాడు. గదిలో ఫ్యాను కిందికి కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నాడు. మర్యాద తెలిసిన మనిషే. టైపు కొట్టిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు.

"చూడవయ్యా, నాకు పిల్ల మీద కోపం లేదు. షెడ్డువాళ్ళు బడి పేరు పాడైందని పై వాళ్ళకు రాశారు. రేపు ప్రార్థన అయ్యాక అమ్మాయి ఈ నాలుగు ముక్కలూ చదివేస్తే గొడవ వదిలిపోతుంది. తనకు తెలియని విషయాలు ఎవరో చెబితే మాట్లాడానని. అంతే. పిల్ల మేలు కోసమే."

మా పిల్ల కాగితం తీసుకుని నిలబడే చదువుకుంది. చదివి, ఆయన్ని కాదు, నన్నడిగింది.

"నాన్నా, ఇది చదివితే అమ్మ పని పోదా?"

నేను హెడ్మాస్టరు వైపు చూశాను. "పోదు. మేనేజరు నాకు చెప్పాడు," అన్నాడాయన.

"అయితే చదువుతా," అంది. ముఖంలో ఏమీ లేదు. "ఎప్పుడు రావాలి సార్? ముందు వరుసలో నిలబడాలా?"

అది ఏడ్చి ఉంటే, మొండికేసి ఉంటే, నేను బతిమాలి చదివించేవాణ్ణేమో. నాకు అనుమానమే. కానీ అంత తేలిగ్గా ఒప్పుకుంది. మేము ఎంత తేలిగ్గా ఒప్పుకుంటామో అంత తేలిగ్గా. అబద్ధం ఎక్కడ నిలబడి చెప్పాలో అడుగుతోంది, బోర్డు ఎక్కడ బిగించాలో నేను మేనేజరును అడిగినట్టు.

"ఆ కాగితం ఇలా ఇవ్వు," అన్నాను.

తిప్పి వెనక వైపు చూశాను. ఖాళీగా ఉంది. హెడ్మాస్టరు జేబులో కలం నేనే తీసుకున్నాను, అడగలేదు. నేను ఆరో తరగతి దాకా చదివినవాణ్ణి, ఒక్కో అక్షరం మేకు దిగేసినట్టు రాస్తాను. చాలాసేపు పట్టింది. వాళ్ళిద్దరూ చూస్తూ ఉన్నారు.

"షెడ్డులో బోర్డు చేసింది నేను. మాత్ర మింగినవాళ్ళ బిళ్ళ పై వరుసలో, మింగనివాళ్ళ బిళ్ళ కింది వరుసలో పెడతారు. మింగాక నాలుక ఎత్తించి చూడటం నేను రోజూ చూశాను. విచారణలో తెలియదని అబద్ధం చెప్పాను. నా కూతురు చెప్పింది నిజం." కింద సంతకం, తారీకు.

హెడ్మాస్టరు చదివి కళ్ళు మూసుకున్నాడు. "ఇప్పుడు ఇదెందుకయ్యా? కోపంలో ఉన్నావు. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

"తొమ్మిది వారాలు ఆలోచించానండీ."

"పిల్లలు ఇలాంటివి మాట్లాడకూడదన్నానే గానీ..."

"మాట్లాడకూడదు. నేనూ అదే అంటున్నాను. ఆ రోజు హాల్లో మేం మూడొందలమంది పెద్దవాళ్ళం ఉన్నాం. ఆ మైకు పిల్ల దగ్గర్నుంచి లాక్కున్నారు బాగానే ఉంది, మాలో ఒక్కడి చేతికైనా ఇచ్చారా మీరు? ఇదిగో మాత్ర సంగతి నువ్వు చెప్పు అని ఒక్కణ్ణయినా లేపారా?"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వరండాలో పిల్లలు గుమిగూడారు. నా కూతురు నా చొక్కా లాగి, "పద నాన్నా, వెళ్దాం," అంది.

కాగితం అదే రోజు అధికారి చేతికిచ్చి వచ్చాను. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను.

"నా పేరు రాశావా?" అంది ముందు.

"లేదు. నా పేరే రాశాను."

ఆమె కాసేపు నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, పొయ్యి వైపు తిరిగింది. "నీ పేరు రాయడానికి నీకు ఇన్నాళ్ళు పట్టింది," అంది.

మర్నాడు షెడ్డు గేటు దగ్గరే నా పనిముట్ల సంచి నా చేతికిచ్చేశారు. బోర్డు అప్పటికే పీకేసి పొయ్యిలో పెట్టారట, వదిన చెప్పింది. "వార్నిష్ వేశావు కదా మరిదీ, భలే మండింది," అంది. కానీ రాతలో ఉన్నది మండదు. అధికారి ఈసారి ఒక లేడీ డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు, సూపర్వైజరమ్మను బయట కూర్చోబెట్టాడు. ముందు వెళ్ళింది వదినే. "ఇన్నాళ్ళూ నా నాలుక చూసినవాళ్ళే గానీ నా మాట విన్నవాళ్ళు లేరమ్మా. ఇప్పుడు వినండి," అని మొదలుపెట్టిందట. గంటసేపు బయటకు రాలేదు. ఆమె వెనక ఇరవైమంది దాకా చెప్పారు. మా ఆవిడ చెప్పలేదు. ఎవరూ బలవంతం చేయలేదు.

మాత్రలు ఆగాయి. సూపర్వైజరమ్మను వేరే షెడ్డుకు మార్చారు. అక్కడ ఏం చేస్తోందో నాకు తెలియదు. మేనేజరు మేనేజరుగానే ఉన్నాడు. సీజను ముగిసింది. వచ్చే సీజనుకు మమ్మల్ని పిలవరని వేరే చెప్పాలా?

తర్వాత ఒక సాయంత్రం సంఘమాయన సైకిలు దిగాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది. పట్నంలో పెద్ద సభ పెడుతున్నారట. పేపర్లవాళ్ళు వస్తారట. చంకలోంచి చుట్ట చుట్టిన పోస్టరు తీసి నేల మీద పరిచాడు. దాని నిండా మా పిల్ల బొమ్మ. బడి చొక్కా, రెండు జడలు. పక్కన పెద్ద అక్షరాలతో "చిన్నారి గొంతు" అని.

"మళ్ళీ నన్నడక్కుండానే అచ్చు వేశావన్నమాట," అన్నాను.

"అడగడానికే వచ్చాను కదయ్యా. పిల్ల మాట్లాడితే జనం కదిలిపోతారు. పెద్దవాళ్ళు మాట్లాడితే ఎవడు వింటాడు?"

మా పిల్ల పోస్టరు మీదకు వంగి తన బొమ్మను తనే వేలితో తడుముకుంది. "ఎంతమంది వస్తారు?" అంది. భయం కూడా ఉంది, ఆశ కూడా ఉంది. ఆ ఆశ చూసి నాకు ఆయన పీక నులమాలనిపించింది.

వంటగదిలోంచి మా ఆవిడ వచ్చింది. చేతులు తుడుచుకుంటూ పోస్టరు చివర నిలబడింది.

"అక్కడ ఏం చెబుతుంది ఇది?"

"జరిగిందే అమ్మా. మీకు జరిగింది..."

"నాకు జరిగింది."

"అవునమ్మా, మీ గురించే కానీ..."

"నా ఒంటికి నోరు లేదా?" అంది. గట్టిగా కూడా అనలేదు. "నేనొస్తాను. ఎప్పుడో చెప్పి వెళ్ళు."

ఆయన నా వైపు చూశాడు. "ఆమెను చూడు, నన్నెందుకు చూస్తావు?" అన్నాను.

సభ రోజు ముగ్గురం వెళ్ళాం. హాలు మా బడి హాలుకు నాలుగింతలు. గోడలనిండా అదే పోస్టరు. మా పిల్ల వెనక వరుసలో ఎవరో పిల్లతో స్నేహం కలిపి, ఊడిన పోస్టరు ఒకటి ఒళ్ళో పెట్టుకుని, తన బొమ్మకే మీసాలు గీస్తోంది. ఇద్దరూ కిందికి వంగి నవ్వుకుంటున్నారు. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో లెక్క వేయబోయి మానేశాను.

మా ఆవిడ పేరు పిలిచారు. ఆమె నడిచి వెళ్తుంటే జనంలో గుసగుస మొదలైంది. "పిల్ల ఏది? పిల్ల రాలేదా?" ముందు వరుసలో కెమెరావాడు కెమెరా దించేసి పక్కవాడితో మాట్లాడుతున్నాడు. మైకు కర్రను పిల్ల ఎత్తుకు దించి ఉంచారు. మా ఆవిడ దాని కోసం నడుం వంచింది. వంగి, గొంతు సవరించుకుంది.

నేను లేచాను. అంతమంది మధ్యలోంచి నడిచి వేదిక ఎక్కాను. మర వదులు చేసి, మైకును ఆమె నోటి ఎత్తుకు లేపి, మర బిగించాను. చేత్తో ఊపి చూశాను, కదలలేదు. ఆమె నిటారుగా నిలబడింది. నేను దిగి వచ్చి నా చోట కూర్చున్నాను.

ఆమె జనం వైపు చూసింది. గుసగుస ఇంకా తగ్గలేదు.

"పిల్ల కోసం వచ్చినవాళ్ళుంటే లేచి వెళ్ళండి," అంది. "నాకు తొందర లేదు. ఆగుతాను."

నిజంగానే ఇద్దరు లేచారు. కుర్చీలు చప్పుడు చేసుకుంటూ, కాళ్ళు దాటుకుంటూ వెళ్ళారు. వాళ్ళు గుమ్మం దాటి, తలుపు మూసుకునేదాకా మా ఆవిడ వాళ్ళనే చూస్తూ ఆగింది.

తర్వాత మొదలుపెట్టింది.